నీలం కమ్మల పరీక్ష

ఎద్దును కొనేవాడు ముందు దాన్ని నాలుగు సాళ్ళు దున్నించి చూసినట్టు, మా కాలంలో నీలాన్ని కూడా ఇంట్లో పెట్టుకుని చూశాకే కొనేవాళ్ళం. కెంపుకూ పచ్చకూ ఈ బాధ లేదు, మనకు నచ్చితే చాలు. నీలం శనిదేవుడి రాయి కనుక దానికే మనం నచ్చాలి. ఒక వారపు అంగడి నుంచి మరో అంగడి దాకా ఒంటిమీద ఉంచుకుని, ఇంట్లో ఏ కీడూ జరగకపోతే డబ్బులిచ్చేవాళ్ళం. జరిగితే రాయిని వాపసు ఇచ్చేవాళ్ళం. (ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు. నవ్వనీ. ఆ వారమంతా నా గుండె ఎలా కొట్టుకుందో వాళ్ళకేం తెలుసు!)

నేను అప్పుడు జమ్మికుంటలో కొత్త కోడలిని. మాది మగ్గాల ఇల్లు. మామ, మా ఆయన నేసేవారు, అత్తా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్ళం. పక్కిళ్ళకు చుట్టిపెట్టిన కండెల కూలిని మాత్రం అత్త నా పేరు మీద వేరుగా తన బొడ్డుసంచిలో దాచేది. జాగీర్లు పోయి, దొరల గడీల్లోని పాత నగలు ఒక్కొక్కటే బయటికొస్తున్న రోజులవి. వాటిని గుడ్డమూటలో కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే ముసలామెను ఊరంతా మూట ఖాలా, అంటే మూట పిన్ని, అనేది. ఒక అంగడినాడు ఆమె మా అరుగుమీద మూట విప్పింది. చింతగింజంత నీలం, చుట్టూ దానిమ్మగింజల్లాంటి కెంపులు, ప్రతి రాయి అంచుకూ మేలిమి బంగారు రేకు ఒత్తి కూర్చిన పాతకాలపు కమ్మలు. అప్పుడు నా చెవుల్లో ఉన్నవి వేపపుల్లలు. నేను ఊపిరి బిగబట్టాను.

"ఊపిరి నీ కడుపుల దాస్కోకు బేటీ, రాయి మీద ఊదు," అంది ఖాలా. ఊదాను. పట్టిన ఆవిరి రెప్ప వేసి తీసేలోగా పోయింది. "సూసినవా? గాజుదైతే జరసేపు మబ్బు పట్టినట్టుంటది. ఇగ చెంపకు ఆనిచ్చు." కొత్త కుండను తాకినట్టు చల్లగా తగిలింది. (ఖాలాకూ నాకూ అప్పటికి అక్షరమ్ముక్క రాదు. ఆమె మాత్రం రాయిని మనిషి ముఖం చూసినట్టు చూసి, దాని గుణమంతా చెప్పేది.)

"ఏందే పిల్లా, పాణం గుంజుతుందా?" అంది అత్త. నేను తల దించుకున్నాను. బుద్ధెరిగాక నాకు కావాలని నేను ఆశపడ్డ మొదటి వస్తువు అదే. అత్త నన్నూ కమ్మలనూ మార్చి మార్చి చూసి తీర్పు చెప్పింది. "నీలం పడ్తే ఏలిస్తది, పడకుంటే ఏడ్పిస్తది. వచ్చే అంగడి దాక పెట్టుకో. ఇంట్ల జరంత కీడైనా వాపస్."

ఆ సాయంత్రమే పాలు విరిగాయి. గబగబా అందులో బెల్లం కలుపుకుని తినేసి, పిల్లి తాగిందని చెప్పాను. తెల్లవారి పెట్టకోడి మాయమైంది. వాడంతా గాలిస్తే ఎవరిదో పత్తికుప్పలో హాయిగా పొదుగుతూ కనిపించింది. దాన్ని కొంగుకింద దాచుకుని దొంగలా ఇంటికొచ్చాను. అంతలో మా ఆయనకు జలుబు పట్టింది. "నీకు దండం పెడ్త, జర దొడ్లకు పోయి తుమ్ము," అని బతిమాలాను. "గిదేం పరేషాన్‌రా నాయనా! తుమ్మాల్నన్నా నీ రాయిని అడగాల్నా?" అని గొణుక్కుంటూనే, పాపం, ముక్కు పట్టుకుని దొడ్లోకి పరుగెత్తేవాడు. గోడవతలి బర్రె ప్రతి తుమ్ముకూ బెదిరిపోయేది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది అత్త. ఎన్నడూ ఒక్కచోట నిలవని మనిషి, రాట్నం ముందు కూర్చుంటే లేవడమే మానేసింది. "నీళ్ళందియ్యి", "పొయ్యి సూడు", "తలుపెయ్యి" అంటూ అన్నీ కూర్చున్నచోటు నుంచే. "మీ అవ్వ పోలీసోళ్ళ లెక్క పారా కాస్తుంది. ఏ కీడు దొరుకుతదా అని సూస్తుంది," అని మా ఆయన దగ్గర సణిగాను. ఆయన ముక్కు పట్టుకుని తుమ్మడానికి వెళ్ళిపోయాడు.

అంగడిరోజు రానే వచ్చింది. "ఏం బేటీ, రాయి ఏమంటుంది?" అంటూ ఖాలా అరుగెక్కింది. నేను రెండు చేతులతో కమ్మలు మూసుకున్నాను. రాట్నం దగ్గర నుంచే అత్త చెప్పింది. "ఏమంటది? మంచిగ పడ్డది. ఇంట్ల ఏ కీడూ కాలే." బొడ్డుసంచి విప్పి డబ్బులు ఇచ్చేసింది. ఖాలా మమ్మల్ని దీవించి మూటెత్తుకుంది.

సంతోషం పట్టలేక అత్త కాళ్ళకు మొక్కబోయాను. చీర కుచ్చిళ్ళ కింద ఒక చీలమండ బూరెలా పొంగి ఉంది. దానిమీద పసుపు, సున్నం కలిపిన పట్టు.

"అత్తా, ఇదెప్పుడైంది?"

"నువ్వు కమ్మలు పెట్టుకున్న తెల్లారే. బాయికాడ జారిన."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే పాపం రాయి మీదికి పోతది. బండకు పాచి పడ్తే నీలమేం జేస్తది?" అని, గొంతు తగ్గించి, "గంత తెలివి నీకొక్కదానికే ఉందనుకున్నవా? బెల్లమేసుకుని పాలు తాగే పిల్లిని నా బతుకుల సూడలే," అంది. లోపల మగ్గం ఆగిపోయి, మా ఆయన నవ్వూ తుమ్మూ ఒకేసారి వినిపించాయి.

నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ కూర్చున్నాను. అన్ని రోజులు ఆ నొప్పిని పంటి బిగువున ఓర్చుకుంది నా ఆశ కోసమే కదా. కన్నతల్లయినా అంతకంటే ఏం చేస్తుంది? అత్త మాత్రం కాలి సంగతే మరిచిపోయి నా గడ్డం పట్టుకుని, "జర ఇటు తిరుగు. ఎండ పడనియ్యి. ఆఁ, గట్ల!" అంటూ నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి నీలంలో వెలుగు చూసుకుంది.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు ఆనాటి ఆమె కంటే పెద్దదాన్ని. అయినా వాకిట్లో కూర్చుని పత్రిక కూడబలుక్కుంటుంటే, చెంపమీద ఎండ పడగానే నా తల దానంతట అదే కొంచెం పక్కకు తిరుగుతుంది. ముసలిదానికి ఈ వయ్యారమేమిటని ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి చుట్టూ చూసి, మళ్ళీ కాసేపు అలాగే తిప్పి ఉంచుతాను.