అన్నయ్య కార్డు, నా కడుపుమంట

నాకంటే ఆరు నెలలే పెద్దవాడు. అయినా ఊహ తెలిసినప్పటి నుంచి అన్నయ్యా అనే పిలవాలి. నా ఒళ్ళుమంట అక్కడే మొదలు. మా నాన్న పామర్రు పక్క ఊళ్ళో మగ్గం నేస్తారు. పెదనాన్నకి విజయవాడలో చీరల హోల్‌సేల్ షాపు. ఈ అన్నయ్య ఆ పెదనాన్న కొడుకే. ఇద్దరిదీ ఒకే కాలేజీ, ఇద్దరికీ కంప్యూటర్లో కార్ల రేసు గేమంటే ఒకటే పిచ్చి.

ఆట బొమ్మల్ని తెరమీద నడిపించే గ్రాఫిక్స్ కార్డు వాడికి కొత్తది వచ్చిందంటే షాపు పైనున్న వాడి గదికి వెళ్ళాను. ఎనిమిది జీబీ మెమొరీ, మూడు ఫ్యాన్లు, దానికి తోడు గోడంత మానిటర్. నాది ఎవరో వాడి వదిలేసిన నాలుగు జీబీ కార్డు.

"ఎలా ఉందిరా?" అన్నాడు.

"సూపర్ అన్నయ్యా" అన్నాను. కళ్ళు కుట్టి చచ్చిపోయాను. దీనికేదన్నా రోగం వస్తే బాగుండు అని మనసులో అనుకున్నాను కూడా.

వారం తిరక్కుండానే వచ్చింది. "మలుపు దగ్గరికి రాగానే ఒక్క క్షణం బిగుసుకుపోతోందిరా. నీకివన్నీ తెలుసుగా, కాస్త చూడు" అన్నాడు.

స్క్రీన్ మూల మెమొరీ వాడకం చూపించే అంకె చూడగానే అర్థమైపోయింది. కార్డు మెమొరీ అంచుదాకా నిండిపోయింది. అంత పెద్ద స్క్రీన్ మీద బొమ్మల నాణ్యత, అదే టెక్స్చర్లు, అన్నిటికన్నా పైమెట్టు అల్ట్రాలో పెడితే ఎనిమిది జీబీ ఏ మూలకి? షాపులో అరలు నిండిపోతే ప్రతి చీరకీ గోడౌన్‌కి పరిగెత్తాలి, అంతసేపూ బేరగాడు కూర్చోవాలి. ఇక్కడా అంతే. మెమొరీలో పట్టని బొమ్మలు కంప్యూటర్ ర్యామ్ నుంచి వచ్చేదాకా ఆట ఆగుతుంది. టెక్స్చర్లు ఒక్క మెట్టు దింపితే చాలు. నాలుగు జీబీతో ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చినవాణ్ణి, నాకు తెలియకపోతే ఎవడికి తెలుస్తుంది?

వాడు మాత్రం తనంతట తాను ఛస్తే దింపడు. చిన్న లోపమున్న సెకండ్స్ సరుకుని కూడా గడప తొక్కనివ్వని ఇల్లు వాళ్ళది. దేన్నయినా పై రకంలోనే పెడతాడు.

"ఓల్టేజీ అయ్యుంటుంది అన్నయ్యా, స్టెబిలైజర్ పెట్టించు" అన్నాను. పాపం, మర్నాడే పెట్టించాడు.

పోటీకి వెళ్ళే కాలేజీ జట్టులో రేసుకి ఒక్కరికే చోటు. అదెవరో తేల్చడానికి మా ఇద్దరికీ రేసు పెట్టారు, ఎవరి మెషీన్ వాళ్ళే తెచ్చుకోవాలి. నా కంప్యూటర్ డబ్బాని దుప్పట్లో చుట్టి, పామర్రు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. నా తెరమీద రోడ్డు అలికేసినట్టుంది, కానీ కారు ఎక్కడా ఆగలేదు. వాడి రోడ్డు మీద వాన చినుకులు కూడా మెరుస్తున్నాయి. చివరి మలుపులో ఆట బిగుసుకుంది, కారు వెళ్ళి గోడకి గుద్దుకుంది. చోటు నాకొచ్చింది. సంతోషంతో ఎగిరి గంతేశాను, అబద్ధమెందుకు.

ఆ సాయంత్రం తన గదికి తీసుకెళ్ళి, వాడే తన కార్డు ఊడదీసి నా డబ్బాలో బిగించాడు. దాన్ని తన మానిటర్‌కి తగిలించి అన్నీ అల్ట్రాలో పెట్టాడు. "పోటీకి ఆ డొక్కు కార్డుతో ఏం వెళ్తావురా? ఇది ఉంచుకో, దర్జాగా ఆడు" అని పక్కనే కూర్చున్నాడు.

మొదటి మలుపులోనే ఆట బిగుసుకుంది. రెండో మలుపులోనూ అంతే. ఎల్లుండే పోటీ. వాడు నా వైపే చూస్తున్నాడు. ఏమైతే అయిందని సెట్టింగ్స్ తెరిచి టెక్స్చర్లు ఒక మెట్టు దింపాను. మూలనున్న అంకె తగ్గింది. కారు ఎక్కడా తడబడకుండా దూసుకుపోయింది.

"అంతేనా?" అన్నాడు. మూలనున్న అంకె వైపు చూసి, "నీకు ఆ రోజే తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

లేచి కిందికి వెళ్ళిపోయాడు. కార్డు తిరిగివ్వాలని స్క్రూలు విప్పుతుంటే, షాపులోంచి వాడి గొంతు వినిపించింది. "తమ్ముడు అదరగొడుతున్నాడు నాన్నా. కార్డు వాడికిచ్చేశాను."

స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ నిమిషంలో కూడా నాకు పుట్టింది కుళ్ళే. అలా అనగలిగే మనసు వాడికెందుకుండాలి, నాకెందుకు లేదు అని.