టెంకె లోపలి పొర

ఊరగాయ జాడీకి కళ్ళుంటాయని, పక్కన ఎవరు నిలబడ్డారో చూసి అది బూజు పట్టాలో మానాలో తేల్చుకుంటుందని నేనెప్పుడూ నమ్మలేదు. ఈ మాట సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను కూడా. ఇంట్లో మాత్రం ఏటా మా అత్తగారే ఆవకాయ పెట్టేవారు. నెలసరిలో ఉన్నవాళ్ళకు ఆ రోజు వంటింట్లో ప్రవేశం లేదు.

పోయిన వేసవిలో, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఎదురు తిరిగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, తన చేత్తోనే కలుపుతానంది.

"కలుపు తల్లీ, ఎవరొద్దన్నారు?" అన్నారు అత్తగారు. "పాడైందనుకో, ఇక నెలనెలా ఆ నాలుగు రోజులూ వంటింటి గడప తొక్కకూడదు. ఒప్పుకుంటావా?"

"పాడవకపోతే?"

"నేనిక నోరెత్తను."

"నువ్వు నోరెత్తకపోవడమా నానమ్మా! అది చూడ్డానికైనా పెట్టాలి."

కంకిపాడు నుంచి కాయలు తెచ్చి, కడిగి, తుడిచి, బజార్లో ముక్కలు కొట్టించాం. ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె అన్నీ అత్తగారు చెప్పిన కొలతలే. మా అమ్మాయి కలిపింది. జాడీకి గుడ్డ కట్టి అలమరలో పెట్టాం.

అప్పటినుంచి నాకు అనుమానం పట్టుకుంది. జాడీ మీద కాదు, అత్తగారి మీద. ఆవిడ మంచినీళ్ళ గ్లాసుతో అటు వెళ్తే నా చూపూ అటే వెళ్ళేది. ఎవరు విప్పినా నాకు తెలిసేలా ముడి వేశాను.

"కాపలా బాగానే ఉందమ్మాయ్" అన్నారావిడ.

మూడోనాడు తిరగకలిపినప్పుడు ఘుమఘుమలాడింది. తర్వాత కొద్దిరోజులకు విప్పితే ఒక పక్కన తెల్లగా బూజు. ముడి నేను వేసినట్టే ఉంది. మా అమ్మాయి మొహం మాడిపోయింది.

"నేనేమన్నానూ?" అంటూ అత్తగారు గరిటెతో ఒక ముక్క పైకి తీశారు. ముక్క వేళ్ళ మధ్యకు రాగానే బొటనవేలి గోరు టెంకె లోపలికి వెళ్ళింది. జీడి తీసేశాక మిగిలే పల్చటి పొర ఊడివచ్చింది.

"ఇదేవిటే, పొర తియ్యలేదూ! దీనికింద చెమ్మ ఉండిపోతే బూజు పట్టదూ మరి?"

"ఏమన్నారత్తయ్యా? బూజు దేనివల్ల పట్టిందన్నారు?"

ఆవిడ ముక్క పక్కన పెట్టేశారు. "పొర సంగతి వేరు, మైల సంగతి వేరు."

"కొలతలన్నీ చెప్పారు. పొర సంగతి చెప్పలేదేం?"

"అది చెప్పేదేవిటి? ముక్క పట్టుకుంటే గోరు దానంతటదే పోతుంది."

నేను నమ్మలేదు. కావాలనే దాచారనుకున్నాను. మర్నాడు ఆవిడ టీవీ ముందు గోరుచిక్కుళ్ళు బాగు చేస్తుంటే పక్కన కూర్చున్నాను. కళ్ళు సీరియల్ మీద, వేళ్ళు కాయల మీద. ప్రతి కాయకూ తొడిమ తుంచి, నార లాగి, అప్పుడు విరుస్తున్నారు. ఎలా చేస్తున్నారని అడిగాను.

"ఎలా ఏవిటి? విరుస్తున్నా."

నార మాటే లేదు! అప్పుడు నా అనుమానం ఆవిడ మీద నుంచి అసలు దొంగ మీదకు మళ్ళింది. ఏళ్ళ తరబడి ముక్కలు పట్టి పట్టి నేర్చుకున్నది చెయ్యి. ఎందుకు నిలవుంటోందని అడిగితే, చిన్నప్పుడెవరో నూరిపోసినది చెప్పింది నోరు. గోరు పడ్డ కష్టానికి పేరు మడికొచ్చింది, తప్పు జరిగితే నింద ఆడపిల్ల మీద పడింది.

"ఇంకోసారి పెడతాను. పొర ఒక్కటే మారాలి, తక్కినదంతా అలాగే ఉండాలి" అంది మా అమ్మాయి. మళ్ళీ నెలసరి వచ్చేదాకా ఆగింది. కాయలు ముదిరిపోతున్నాయని నేను తొందరపెట్టినా వినలేదు. దాని గోటికి పొర లొంగలేదు. చెంచా మొనతో గీకింది. ప్రతి టెంకె లోపలా గీతలు పడ్డాయి. అత్తగారు తన వాటా కాయలతో వేరే జాడీ పెట్టుకున్నారు.

ఈసారి బూజు రాలేదు.

"కాయ మంచిది" అన్నారావిడ.

నోరెత్తనన్న మాట ఆవిడ నిలబెట్టుకుంటారని నాకు నమ్మకం లేదు. వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, నెలసరిలో ఉన్న మనవరాలే వంటింట్లోంచి అన్నం తెచ్చి వడ్డించింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. అత్తగారు ఏమీ అనలేదు. ఆవకాయ ముక్క చప్పరించి, టెంకె కంచం అంచున పెట్టారు.

దాని లోపల చెంచా గీతలున్నాయి.