పూయని వెదురు

యుద్ధం రోజుల్లో బెంగుళూరు కంటోన్మెంటులో రైలెక్కాను. ఎదుట విళ్లు చేసే ముసలాయన కూర్చున్నాడు.

"వెదురు పూసిందంటే చచ్చినట్టేనప్పా. దాంతో విల్లు చేస్తే విరుగుతాది. మా కొండంతా పూసేసింది. మూడు నెలలుగా పూయని పొద కోసం తిరుగుతా ఉండాను. నాకు ఇంకో పని రాదు."

కోతలు కొయ్యడం నాకు సరదా. "వర్తూరు చెరువు వెనకాల ఏనుగు దూరనంత దట్టంగా ఉండాది తాతా, ఒక్క పువ్వు లేదు" అన్నాను. నిజానికి అక్కడ వెదురే లేదు.

వైట్‌ఫీల్డులో ఆయన దిగి, మూటలోని రాగిరొట్టె కిటికీలోంచి నా చేతిలో పెట్టాడు.

"తిను నాయనా. నన్ను బతికించినావు."

రైలు చాలాసేపు కదల్లేదు. పిలిస్తే వినబడేంత దూరంలోనే ఆయన వర్తూరు దారిలో చకచకా నడుస్తున్నాడు. నేను పిలవలేదు.