మాయాబందర్ రోడ్డులో గుర్జన్ చెట్ల మలుపు

నిన్న మాయాబందర్ బస్సులో వెళ్తుంటే కొత్త తారు వాసన వచ్చింది. అది మా నాన్న చొక్కా వాసన. మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, పాత రోడ్డులో గుర్జన్ చెట్ల మధ్య ఒక మలుపు. ఆ రోడ్డు వేసే పనిలో చెట్టు కూలి మీద పడి నాన్న అక్కడే చనిపోయాడు. ఆ చోటు రాగానే అమ్మ తన కాళ్లు సీటు మీదికి లాక్కుని, నా కాళ్లు కూడా ఎత్తి పట్టుకునేది.

"దీదీ, కాళ్లు నీచే పెట్టు, కింద. ఇదేమైనా మీ ఇంటి మంచమా?" అనేవాడు కండక్టరు.

"మా ఇంటాయన పడ్డ సోటు భయ్యా. కాలెట్టలేను."

నిన్న ఆ మలుపు ఎప్పుడొస్తుందని కండక్టరుని అడిగాను.

"మలుపులన్నీ తీసేశారు దాదా. ఇప్పుడంతా సీధా."

ఎక్కడ కాళ్లు ఎత్తాలో తెలియలేదు. తొక్కుకుంటూనే వెళ్లిపోయి ఉంటాను.