మలుపు దగ్గర నాన్న వీపు

మా చిన్నప్పుడు... వానలు వెనకపట్టాక ఏటా ఒక ఆదివారం, గరాచర్మ అవతల మట్టి మైదానంలో బైకు రేసు జరిగేది. పోర్ట్ బ్లెయిర్ కుర్రాళ్ళు సరదాకి తమలో తాము పెట్టుకున్న పోటీ. మేం మా ఇల్లున్న బతు బస్తీ నుంచి కేరేజీలో పులిహోర కట్టుకుని బస్సెక్కేవాళ్ళం.

నాన్న మాత్రం తెల్లారేసరికే వెళ్ళిపోయేవాడు. డింగీ పడవలో చేపల వేటకెళ్ళే మనిషి... సైకిలు తొక్కడం కూడా రాదు. అలాంటివాడు రేసులో మార్షల్. మలుపు దగ్గర పసుపు జెండా పట్టుకుని నిలబడాలి, ఎవరైనా పడిపోతే జెండా ఊపి వెనకొచ్చేవాళ్ళని నెమ్మదింపజేయాలి. జీతం లేదు. ఓ టోపీ, ఓ పూట భోజనం. "సైకిలు రానోడికి మోటారు రేసట" అని వీధంతా ఆటపట్టించేది. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేసేవాడు.

ఇంటికొచ్చాక ఎవరు గెలిచారని అడిగితే ఆయనకెప్పుడూ తెలిసేది కాదు. "ఏమో... అందరూ వచ్చీసినారు" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. రోజంతా ఎండలో నిలబడి గెలిచినవాడి పేరైనా తెలుసుకోకపోతే ఎలా?

నేను ఏడో తరగతిలో ఉండగా అన్నయ్య కూడా రేసులో దిగాడు, స్నేహితుడి బైకు మీద. అమ్మకి అస్సలు ఇష్టం లేదు. అయినా గట్టు మీద నా పక్కన కూర్చుని, చెంగు వేలికి చుట్టుకుంటూ చూస్తోంది.

అన్నయ్య సరిగ్గా నాన్న ఉన్న మలుపులోనే జారి పడ్డాడు. బైకు ఒకవైపు, వాడు ఒకవైపు. వెనక నుంచి బళ్ళు వచ్చేస్తున్నాయి... అమ్మ లేచి నిలబడింది.

నాన్న పరిగెత్తలేదు. కొడుక్కి వీపు తిప్పి, బళ్ళు వచ్చే వైపే చూస్తూ జెండా ఊపుతున్నాడు. వాడి దగ్గరకి పరిగెత్తింది ఆ మలుపులోనే ఉన్న రెండో మార్షల్, మా పక్కింటి మున్నా భయ్యా. "హిల్నా మత్ బేటా, కదలకు, అలాగే పడుకో" అని అతను అరవడం మాదాకా వినిపించింది. బళ్ళన్నీ నెమ్మదించి పక్కనుంచి వెళ్ళాయి. ఆఖరి బండి దాటాకే నాన్న జెండా దించి వెనక్కి తిరిగాడు.

అన్నయ్యకి భుజం ఎముక విరిగింది. అమ్మకి మాత్రం ఆ వీపే గుర్తుండిపోయింది. ఆసుపత్రి వరండాలో నిలదీసింది.

"కన్నకొడుకు పడిపోతే తిరిగి సూడనేదు. నీకు గుండె నేదా?"

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. "మన సొంతూర్లో మా అయ్య సముద్రం ఒడ్డున తుండుగుడ్డ పట్టుకుని నిలబడేవోడు. కెరటం పెద్దదైతే గుడ్డ ఊపుతాడు, ఒడ్డుకొచ్చే పడవలు అవతలే ఆగిపోతాయి. ఒకపాలి మా సిన్నాన్న పడవే తిరగబడింది. అయ్య గుడ్డ దించనేదు. దించితే ఎనకాల పడవలు వచ్చి మీద పడిపోవా?"

అమ్మ వినలేదు. కొన్నాళ్ళు ఆయనకి అన్నం పెట్టేది గానీ మాట కలిపేది కాదు.

చివరికి భుజం కట్టుతో మంచం మీదున్న అన్నయ్యే అన్నాడు. "బళ్ళ చప్పుడు మీదకొచ్చేస్తంటే లేచి పారిపోదామనుకున్నానమ్మా. తలెత్తితే నాన్న వీపు అవుపడింది. నాన్నున్నాడు కదా అని పడుకుండిపోయాను." లేచి పరిగెడితే ఏ బండి కిందో పడేవాడని ఎవరూ అమ్మకి విడమరచి చెప్పక్కర్లేకపోయింది.

మరుసటేడు, జెండా వెలిసిపోయిందని అమ్మే తన పసుపు చీర కొంగు చించి, అంచులు కుట్టి నాన్నకిచ్చింది. "ఇదైతే దూరానికి అవుపడతాది" అంది, అంతే.

ఇప్పుడు జెండాలు కొనుక్కొస్తున్నారు... వాకీటాకీలు వచ్చాయి... ఆ మైదానం సగం ఇళ్ళైపోయింది. మిగిలిన సగంలో రేసు జరుగుతూనే ఉంది, మలుపు దగ్గర నేను నిలబడుతున్నాను. ఊరికే ఎందుకు ఈ ఎండలో అని ఆఫీసులో అడుగుతారు. బైకుల పిచ్చితో వచ్చేవాళ్ళున్నారు, స్నేహితుల కోసం వచ్చేవాళ్ళున్నారు. నేనైతే, పడ్డవాళ్ళు తలెత్తితే ఒక వీపు కనబడాలని వెళ్తాను.

రేసు రోజు సాయంత్రం నాన్న ఫోను చేస్తాడు. మోకాళ్ళ నొప్పులు, ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఎవరు గెలిచారని ఇప్పటికీ అడగడు.

"అందరూ వచ్చీసినారా అమ్మా?"

"వచ్చీసినారు నాన్నా."

ఈ రోజుల్లో ఎవరిని కదిపినా ర్యాంకెంత, ఎన్నో స్థానం అనే... అందరూ వచ్చారా అని అడిగే మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళ గురించి నాలుగు మాటలు రాయండి... చదవాలనుంది.