బాపు చేతికి కట్టిన నూలుపోగు

నా చిన్నప్పుడు మా అవ్వ కోపానికి ఇల్లంతా భయపడేది. ఆమె కేకలు వేస్తే ఫర్వాలేదు. నోరు మూసుకుని పని చేసుకుంటూ పోతే మాత్రం ఎవరికో మూడిందని అర్థం. ఆమె పోయి ఎన్నో ఏళ్లయినా ఆ కోపం మాత్రం పోలేదు, నా దగ్గరే ఉంది. అది నాకెలా వచ్చిందో చెబుతాను.

మాది మగ్గం నేసే ఇల్లు. ఆ ఏడు నూలు దొరక్క మగ్గం ఆగిపోయింది. మళ్లీ నూలు వచ్చేదాకా పొయ్యి వెలగాలి కదా, మా బాపు, అంటే మా నాన్న, నార్కట్‌పల్లి రోడ్డు మీద బండి చక్రాలు చేసే కార్ఖానాలో పనికి కుదిరాడు. చక్రాలకు తొడిగే ఇనుప పట్టాలు వంచడానికి అక్కడ కొత్తగా మిషన్ తెచ్చారు. చెరుకు గానుగలా ఉంటుంది, కింద రెండు రోలర్లు, పైన ఒకటి. ఒకరు పిడి తిప్పుతుంటే ఇంకొకరు పట్టాను రోలర్ల మధ్యకు అందించాలి. బాపు పుట్టి బుద్ధెరిగాక మిషన్ ముట్టుకున్నవాడు కాదు. "గిండ్ల నేర్చుకునేదేమున్నది? అందియ్యి, అంతే" అన్నాడట కార్ఖానా సేటు. బాపుకు నేర్పిన పని మొత్తం అదే.

కొద్దిరోజుల తర్వాత అవ్వా నేనూ సద్ది పట్టుకుని అక్కడికి వెళ్లాం. సేటు నీడపట్టున మంచం మీద కూర్చుని "తిప్పు, తిప్పు" అని అరుస్తున్నాడు. పిడి దగ్గరి మనిషి తల వంచుకుని తిప్పుతున్నాడు, అక్కడినుంచి అతనికి బాపు చేతులు కనబడవు. బాపు ఎడమచేతి వేళ్లు పట్టాను తడుముతూ మెల్లగా రోలర్ల దాకా పోతున్నాయి. నాకు అందులో వింతేమీ తోచలేదు. మగ్గం ముందు కూర్చున్నా ఆయన వేళ్లు పడుగు మీద అలాగే తిరిగేవి, ఏ పోగు వదులైందో చూసుకోవడానికి. అవ్వ మాత్రం ప్రమాదం కనిపెట్టింది. సద్దిగిన్నె వదిలేసి "ఆపుండ్రి!" అని ఒక్క అరుపు అరిచింది. పిడి ఆగింది. అప్పటికి వేళ్లకూ రోలర్లకూ మధ్య ఒక జొన్నగింజ పట్టేంత జాగా మిగిలి ఉంది.

సేటు నవ్వాడు. పిడి తిప్పే మనిషి నవ్వలేదు. "నీకంటే ముందు పనిచేసినాయిన రెండు వేళ్లు గిండ్లనే నలిగిపొయినయన్నా" అన్నాడు బాపుతో, నేలచూపులు చూస్తూ. ఆ వేళ్లు పోయినాయన పని మానుకుని ఊరికి పోయాడని అంతకుముందు సేటు మాతో చెప్పాడు. ఎంత తేలికగా చెప్పాడో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

అవ్వ నోరు మూసుకుంది. బాపును రెక్క పట్టి ఇంటికి లాక్కుపోతుందనుకున్నాను. కానీ ఇంట్లో ఏముంది, తినడానికి? నడుముకు దోపుకున్న పాత నూలుచుట్టలోంచి ఒక పోగు తెంపి, బాపు ఎడమ మణికట్టును పొట్టిగా ఆయన మొలతాడుకు కట్టేసింది. చుట్టూ ఉన్న పనివాళ్లు చూసి నవ్వారు. బాపు ముఖం ఎర్రబడింది.

"నలుగురిల ఇజ్జత్ తీస్తున్నవేందమ్మా! గీ పోగు నన్ను ఆపుతదా?"

"ఆపది. తెగుతది" అంది అవ్వ. తర్వాత మంచం వైపు తిరిగింది. "కార్ఖానా నీదే సేటూ, వేళ్లు నా కొడుకువి. చెయ్యి పెట్టినోడే తిప్పుమంటడు, చెయ్యి పెట్టినోడే ఆపుమంటడు. నువ్వు మంచం మీద కూసోని అరవకు."

మళ్లీ పని మొదలైంది. పట్టా కదలగానే బాపు చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది, పోగు తెగింది. "ఆపు!" అన్నాడు బాపు. ఎవరూ చెప్పకుండానే ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది. నేతగాడికి పోగు తెగితే మగ్గం ఆగిపోవాల్సిందే, అతుకు వేసేదాకా ముందుకు సాగదు. ఆయన తన చేతిని తానే చూసుకుంటూ నిలబడిపోయాడు. అవ్వ ఆ పోగును అతికింది.

ఆ రోజు అది ఎన్నిసార్లు తెగిందో. పోనుపోను బాపు వెనక్కి జరిగి, పట్టాను దూరం కొసన పట్టుకుని అందించడం నేర్చుకున్నాడు. సేటు తొందరపెట్టినా పై రోలర్‌ను కిందికి నొక్కే మరను ఒకేసారి బిగించకుండా, కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ చక్రానికి ఆనించి చూసుకునేవాడు. ఒకసారి ఎక్కువ వంగిన పట్టా మళ్లీ దారికి రాదు. కొన్నాళ్లకు పోగు తెగడం మానేసింది, తర్వాత కట్టే అవసరమే లేకపోయింది. నూలు వచ్చాక బాపు తన వేళ్లన్నిటితో మళ్లీ మగ్గం ఎక్కాడు.

ఇప్పుడు మా వీధిలో గేట్లు చేసే దుకాణం ఉంది. కొత్తగా ఎవరు పనికి వచ్చినా పోయి యజమానితో గొడవ పెట్టుకుంటాను. ఏం చెప్పినవ్ ఈయనకు, ఆపుమనేది ఎవరు, అని అడుగుతాను. ముసలిదానికి నోరెక్కువని అంటారు. అననీ.

బాపు బతికిపోయాడని నాకు సంతోషమే. కానీ ఆ కోపం బాపు గురించి కాదు. ఆయనకంటే ముందు ఆ పట్టాను అందించిన మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఆయనకు చేతికి పోగు కట్టే అవ్వ లేదు. అవ్వ లేకపోతే వేళ్లు పోవాలా?