ఏ పనీ లేని క్లచ్ పెడల్

మా కింది అంతస్తు ఆంటీ పోయారన్న కబురు సొసైటీ వాట్సాప్ గ్రూపులో చదివి తెలుసుకున్నాను. చూస్తుండగానే దాని కింద ఓం శాంతులు, జోడించిన చేతుల బొమ్మలు బారులు తీరాయి. వాటి మధ్యలో ఎవరో మహానుభావుడు, బేస్‌మెంట్‌లో ఆవిడ కారు గీత దాటి నిలబెట్టి ఉందనీ, ఇంట్లోవాళ్ళెవరైనా కాస్త సరిచేయాలనీ రాశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను మంచం మీద పారేసి మెట్లు దిగి పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. ఆంటీ కూతురు అప్పటికే గుర్గావ్ నుంచి వచ్చి తల్లి తల దగ్గర కూర్చుని ఉంది. నిద్రలోనే మళ్ళీ స్ట్రోక్ వచ్చి ఉంటుందన్నాడు డాక్టరు.

ఆవిడది వరంగల్ వైపు. భర్త సైన్యంలో ఉండగా దేశంలోని కంటోన్మెంట్లన్నీ తిరిగి, ఆయన పోయాక నోయిడాలో ఈ ఫ్లాట్‌లో ఒక్కతే ఉండేది. నాది ఒంగోలు. మా ఊళ్ళో అయితే ఆవిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఢిల్లీ వచ్చాక అందరూ ఆంటీలే. కానీ ఆవిడ నన్ను ‘బిడ్డా’ అని పిలిచిన ప్రతిసారీ, ఆఫీసులో ఫైళ్ళ మధ్య పొద్దంతా హిందీ ఇంగ్లీషులతో ఎండిపోయిన ప్రాణం లేచి వచ్చేది.

ఆవిడ కారు చూడ్డానికి చిన్నదే, బూడిద రంగుది. లోపల మాత్రం టర్బో ఇంజను. యాక్సిలరేటర్ నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయేది. భార్యాభర్తలిద్దరికీ వేగమంటే పిచ్చి. రిటైరయ్యాక ఎవరైనా ఫ్లాటు లోను కడతారు, వీళ్ళు ముందు ఈ కారు కొన్నారు. భర్త పోయాక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. బాల్కనీలో టీ తాగుతూ, కింద రోడ్డు మీద పోయే బండ్ల చప్పుడు వింటూ తిట్టడం ఆవిడకు కాలక్షేపం. “గా తెల్ల బండోడు చూడు, ఇంజన్ మొత్తుకుంటున్నా గేర్ మార్చడు. వానికి చెవులు ఉన్నయా లేవా?” అనేది. వాడు ఎవడో, ఎటు పోతున్నాడో మాకు తెలియదు. అయినా ఆవిడకు కోపం ఆగేది కాదు.

నాకు కారు నేర్పింది ఆవిడే. మా వారు నేర్పబోయి రెండో రోజుకే చేతులెత్తేశారు, ఆ రెండు రోజులూ మా ఇంట్లో మాటల్లేవు. ఆంటీ అలా కాదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్‌లో బండి ఆగిపోయి, వెనక నుంచి అంతా హారన్లు కొడుతుంటే నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ తాపీగా సోంపు నములుతూ, “కొట్టనియ్యే. వాళ్ళకు వేరే పనిలేదు. నువ్వు ఎడమ కాలు మెల్లగ లేపు. వేడి పాలగిన్నె దించుతవు సూడు, గట్ల,” అంది. పాలగిన్నె అనుకుంటూ కాలు లేపాను. బండి కదిలింది. ఆ రోజు నా సంతోషం చూసి ఆవిడ, “ఇగ మీ ఆయనను ఎక్కించుకొని తిప్పు, భయంతోటి సస్తడు,” అని ఒకటే నవ్వు.

పోయిన చలికాలంలో ఆవిడకు మొదటి స్ట్రోక్ వచ్చింది. అప్పుడు కారు నడుపుతూనే ఉంది. ఏదో తేడాగా ఉందని తెలిసి, బండిని రోడ్డు పక్కకు లాగి, హ్యాండ్ బ్రేక్ వేసి, కూతురికి ఫోన్ చేసింది. ఆ పిల్ల వచ్చేసరికి తల్లి స్టీరింగ్ మీద వాలిపోయి ఉందట. ఆ దృశ్యం చూసిన మనిషికి ఆ కారంటే ఎలా ఉంటుందో నేను ఊహించగలను. అందుకే తర్వాత జరిగినదాంట్లో ఆ పిల్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ఎడమ చెయ్యి కొన్ని వారాల్లో స్వాధీనంలోకి వచ్చింది. ఎడమ కాలు మాత్రం రాలేదు. కర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ వచ్చి, “ఆంటీ, పైర్ ఉఠాయియే,” అని, కాలు ఎత్తమని బతిమాలేది. పాదం నేల మీంచి లేచేది కాదు. డాక్టరు క్లచ్ ఉన్న బండి ఇక వద్దన్నాడు. కొన్నాళ్ళాగి ఆటోమేటిక్ అయితే ఆలోచిద్దాం, దానికి కుడి కాలు ఒక్కటీ చాలు అన్నాడు. కూతురు ఇదే అదనుగా కారు అమ్మేద్దామంది.

“అమ్ముడెందుకు? దీనికే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పెట్టిస్త,” అంది ఆంటీ.

అందరం నవ్వాం. ఒక ఆటోమేటిక్ కారు కొనుక్కోవచ్చుగా అన్నాను నేను. “నీకు మోకాళ్ళు నొస్తే మీ ఆయనను మారుస్తవా?” అంది.

మాయాపురిలో, పాత బండ్లు విప్పి సామాన్లు అమ్మే చోట, అదే మోడల్‌కు చెందిన ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకటి దొరికింది. ఆవిడకు ఏళ్ళ తరబడి తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు, అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. “మేడమ్, గాడీకా మజా ఖతమ్ హో జాయేగా,” అన్నాడు, ఇలాంటి బండికి ఆటోమేటిక్ పెడితే దాని సరదా చచ్చిపోతుందని ఆయన బాధ. పైగా గేర్‌బాక్స్ ఒక్కటీ మారిస్తే సరిపోదు, వైరింగు, కంప్యూటరు, అంటే బండి మెదడు కూడా మార్చాలి అన్నాడు. ఆంటీ నా వైపు తిరిగి, “నా మెదడు బాగుచేసెటోడు దొరకలె గని, దీని మెదడు మార్చెటోడు దొరికిండు,” అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పని లాగి లాగి ఎండాకాలం చివరికి పూర్తయింది. ఒక ఆదివారం పొద్దున్నే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వర్క్‌షాప్ నుంచి బయటికి తీసింది. సర్వీసు రోడ్డు ఖాళీగా ఉంది. ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది. వేగం పెరిగింది, ఇంజను గొంతు మారింది, గేరు మారే సమయం వచ్చింది. అంతే. ధడాలున ముందుకు తూలి నా నుదురు డాష్‌బోర్డుకు కొట్టుకోబోయింది. బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వెనకాల ఆటో కుర్రాడు కిర్రుమని బ్రేకు వేసి, “మాతాజీ, మర్‌నా హై క్యా?” అని అరిచాడు, చావాలని ఉందా అని.

ఆంటీ వాణ్ణి పట్టించుకోలేదు. కిందికి చూస్తోంది. నేనూ చూశాను. ఆవిడ ఎడమ పాదం బ్రేకు పెడల్ మీద ఉంది. ఇంట్లో ఎంత బతిమాలినా అంగుళం లేవని పాదం, గేరు మార్చాల్సిన క్షణాన దానంతటదే లేచి క్లచ్ కోసం వెళ్ళింది. ఆటోమేటిక్ చేసినప్పుడు ఉస్తాద్ క్లచ్ తీసేసి, వెడల్పాటి బ్రేకు పెడల్ బిగించాడు. పాదం వెళ్ళి దాని మీద పడింది.

“కదిలింది బిడ్డా,” అంది ఆంటీ. “నేను కదపలె. గదే కదిలింది. చూసినవా? చూసినవు గదా?”

చూశానన్నాను. ఆవిడ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. వెనక ఆటో కుర్రాడు తిట్టడం ఆపేసి, ఏమైందోనని దిగి వచ్చాడు పాపం.

ఆ సాయంత్రం కూతురు వచ్చింది. జరిగిందంతా విని తెల్లబోయింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. “మమ్మీ, దిఖావో,” అంది, ఏదీ చూపించు అని. ఆంటీ సోఫాలో కూర్చుని పాదం వైపు చూస్తూ ప్రయత్నించింది. పళ్ళు బిగించింది. మెడ నరాలు తేలాయి. పాదం కార్పెట్ మీద అలాగే పడి ఉంది. కూతురు మోకాళ్ళ మీద కూర్చుని తల్లి పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, “బస్, మమ్మీ. బస్,” అంది, ఇక చాలని. ఆంటీ నా వైపు చూసింది. నేను సాక్ష్యం చెప్పాను. కూతురు నన్ను నమ్మినట్టు లేదు. “దీదీ, మీరు మమ్మీని సంతోషపెట్టడానికి అంటున్నారు,” అని హిందీలో అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

డాక్టరును అడిగితే, ఇలా జరగొచ్చు అన్నాడు. అలవాటుగా కదిలేదానికి దారి వేరు, కావాలని కదిపేదానికి దారి వేరట. ఒకటి మూసుకుపోయినా రెండోది తెరుచుకుని ఉండొచ్చట. దీన్ని చూసి పెద్దగా ఆశలు పెట్టుకోవద్దని కూడా చెప్పాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. కాలు కదలడం లేదని గేర్‌బాక్స్ మార్పించింది. ఇప్పుడు అదే కాలు కదిలితే ప్రమాదం. ఎడమ కాలు సీటుకు కట్టేసుకుని నడపమని ఉస్తాద్ సలహా ఇచ్చాడు. ఆంటీ ఆయన మీద అంత ఎత్తున లేచింది. “ఇన్ని నెలల సంది లేవని కాలు లేస్తుంటె కట్టేస్తనా? నీకు బుద్ధి ఉందా?” అని తెలుగులోనే కడిగేసింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల దించుకున్నాడు. తర్వాత శాంతించి, పాత క్లచ్ పెడల్ మళ్ళీ దాని స్థానంలో పెట్టమంది, బ్రేకు వెడల్పు తగ్గించమంది.

“మేడమ్, వో కుఛ్ నహీ కరేగా,” అన్నాడు ఆయన. దేనికీ కలపని పెడల్ ఏ పని చేస్తుంది?

“దాన్ని పని చెయ్యమన్ననా? ఆడ ఉండనియ్యి, చాలు,” అంది. ఆ ముక్క ఆయనకు నేను హిందీలో చెప్పాను.

అది పనిచేసింది. పాదం తన పెడల్ దగ్గరికి తాను వెళ్ళింది, బ్రేకు జోలికి పోలేదు. పొద్దున్నే రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు పాలబూత్ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. గేర్లు బండి మార్చుకుంటోంది. ఆవిడ కాలు మాత్రం ప్రతి గేరుకూ ఆ ఉత్తుత్తి క్లచ్ తొక్కుతూనే ఉంది. ఒక్కోసారి గేరు ముందే పడిపోయేది. “దొంగముండ, నాకంటె ముందే మార్చేసింది,” అని బండిని తిట్టేది. ఇంటికొచ్చి లిఫ్ట్ దగ్గర దిగితే మళ్ళీ అదే ఈడ్చే కాలు. అది బాగుపడటమో, కారులో కూర్చున్నంతసేపు ఉండే భ్రమో నాకు తెలియదు. తెలియకే పక్కన కూర్చుని వెళ్ళేదాన్ని, గుండెలు చేత పట్టుకుని.

ఆవిడకు ఒకటే కోరిక మిగిలింది. కూతురు ఒక్కసారి పక్కన కూర్చుని ఆ కాలు చూడాలి. ప్రతి ఆదివారం ఫోన్‌లో అడిగేది. “ఒక్క చక్కర్ రావే. పాలబూత్ దాకనే.” ఆ పిల్ల వచ్చేది, తల్లికి అన్నం కలిపి పెట్టేది, మందులు సర్దేది, పాదాలకు నూనె రాసేది. బేస్‌మెంట్‌కు మాత్రం దిగేది కాదు. ఆ కారు వదిలేస్తే ఎక్కడికైనా వస్తాననేది. పోయే ముందు ఆదివారం కూడా అడిగింది. “నెక్స్ట్ సండే, మమ్మీ,” అంది ఆ పిల్ల. ఆ మాట నేను వినకుండా ఉన్నా బాగుండేది.

మా సొసైటీలో కొందరు, ఆ వయసులో కారు పిచ్చి వల్లే పోయిందన్నారు. నిద్రలో పోయిన మనిషికీ కారుకూ ఏం సంబంధమో నాకర్థం కాదు. అయినా ఒక్కోసారి నాకూ గుబులు పుడుతుంది. ఆ ప్రయత్నం, ఆ పళ్ళు బిగించడం ఒంటికి ఎక్కువైందేమో. అడగడానికి మనిషి లేదు. ఉన్నా, “నీకెందుకే, పక్కన కూసొని సోంపు తిను,” అనేదే.

దినకార్యాలు అయ్యాక ఉస్తాద్ అమ్మిపెట్టడానికి కారు తీసుకుపోతానని వచ్చాడు. గేటు దాకా తానే తెచ్చి ఇస్తానంది కూతురు. ఆటోమేటిక్ తప్ప మరొకటి నడిపి ఎరగదు ఆ పిల్ల. నేను పక్క సీట్లో కూర్చున్నాను.

“దీదీ, కౌన్‌సా వాలా?” అంది, అమ్మ తొక్కేది ఏదని. ఎడమ వైపు ఉన్నదాన్ని చూపించాను. చెప్పు విప్పి పాదం దాని మీద పెట్టి నొక్కింది. అది కదల్లేదు. వింతగా నా వైపు చూసింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, నడుము సీటుకు ఆనించి, బలమంతా పెట్టి తొక్కితే అప్పుడు దిగింది. ఉస్తాద్ దానికి ఏ స్ప్రింగ్ వేశాడో, ఆంటీ ఎంత గట్టిది అడిగిందో నాకు తెలియదు. నేను ఎప్పుడూ తొక్కి చూడలేదు.

“ఇత్‌నా టైట్?” అంది, ఇంత గట్టిగానా అని. మళ్ళీ తొక్కింది. “మమ్మీ యే కర్‌తీ థీ? ఇస్ పైర్ సే?”

అవును, అమ్మ దీన్ని ఆ ఎడమ కాలితోనే తొక్కేది అన్నాను. ఆ పిల్ల స్టీరింగ్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. చాలాసేపు వీపు నిమురుతూ ఉండిపోయాను.

తర్వాత కళ్ళు తుడుచుకుని బండి స్టార్ట్ చేసింది. ఎప్పుడు తొక్కాలో చెప్పమంది. బేస్‌మెంట్‌లో స్తంభాల మధ్య మెల్లగా బయలుదేరాం. ఇంజను గొంతు పెరుగుతోంది.

“అబ్?” అంది, ఇప్పుడా అని.

“ఇంకాస్త ఆగు.”

“అబ్?”

“ఇప్పుడు,” అన్నాను. తొక్కింది. గేరు దానంతటదే పడింది. పైకి వెళ్ళే దారి వచ్చినా తిప్పలేదు, ముందుకే పోయింది. గేటు దగ్గర ఉస్తాద్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మేం తిరిగినచోటే తిరుగుతున్నాం. ఆ పిల్ల “అబ్?” అని అడుగుతోంది, నేను “ఇప్పుడు” అని చెబుతున్నాను.